ప్లగ్ పీకాలా, వద్దా? ఎప్పుడూ కరెంటు మీదే నడిచే ల్యాప్‌టాప్ బ్యాటరీ సంగతి

ల్యాప్‌టాప్‌ని రోజంతా చార్జింగ్‌లో పెట్టి వాడితే బ్యాటరీ పాడవుతుందా? చెన్నై షోలింగనల్లూరులో మనవాళ్లుండే ఏ పీజీ గదిలోనైనా ఈ ప్రశ్న అడిగి చూడండి, మూడు మంచాల మీంచి మూడు జవాబులొస్తాయి. నూరు కాగానే ప్లగ్ పీకెయ్యాలి అంటాడు ఒకడు. పూర్తిగా జీరో అయ్యేదాకా వాడి అప్పుడు పెట్టాలి, మా అన్నయ్య ఎప్పుడూ అలాగే చేసేవాడు అంటాడు ఇంకొకడు. ఏమీ కాదు బ్రో, ఇప్పుడన్నీ ఆటోమేటిక్, పెట్టేసి పడుకో అంటాడు మూడోవాడు. తమాషా ఏంటంటే ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది, కాకపోతే ఒకరిది పాతకాలం నిజం, ఇంకొకరిది సగం నిజం. అన్నీ కలిపి పాటించబోతే మాత్రం రోజంతా ఆ ప్లగ్గుకి కాపలా కాయడమే ఉద్యోగమైపోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, టైం లేనివాళ్లు ఇది చదివి వెళ్లిపోవచ్చు. ప్లగ్ పెట్టి ఉంచడం బ్యాటరీకి హాని కాదు, బ్యాటరీ నూరు శాతం నిండుగా రోజుల తరబడి ఉండిపోవడం హాని, వేడిలో ఉండిపోవడం అంతకంటే హాని. అందుకని ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ లిమిట్ 80 దగ్గర పెట్టుకుని, వేడి తగ్గే ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాత బ్యాటరీ గురించి మర్చిపోండి. మిగతాది ఎందుకు, ఎలా అన్న వివరం.

ముందు అన్నయ్య సంగతి తేల్చేద్దాం. జీరో చేసి చార్జ్ చేయాలనే సలహా నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. వాటిని సగం వాడి మళ్లీ మళ్లీ చార్జ్ చేస్తే ఆ సగమే తమ కెపాసిటీ అన్నట్టు ప్రవర్తించేవి, దాన్నే మెమరీ ఎఫెక్ట్ అనేవాళ్లు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చింది, తర్వాత ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు అన్నీ దానికే మారిపోయాయి, దాని వెనక పనిచేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది. ఈ బ్యాటరీకి మెమరీ గోల లేదు. పైగా దీన్ని ప్రతిసారీ అడుగంటా వాడటమే ఎక్కువ అరుగుదల. 100 నుంచి 0 దాకా ఒకసారి వాడినా, 70 నుంచి 20 దాకా రెండుసార్లు వాడినా లెక్కలో ఒక్క సైకిలే (మొత్తం కలిపి నూరు శాతం ఖర్చయితే ఒక సైకిల్), కానీ రెండో పద్ధతిలో బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది. టెక్నాలజీ మారి ముప్పై ఏళ్లు దాటినా సలహా మాత్రం ఇంటింటా అలాగే వారసత్వంగా వస్తోంది.

ఇక నూరు కాగానే పీకెయ్యాలి, లేకపోతే ఓవర్‌చార్జ్ అయిపోతుంది అనే భయం. ప్లగ్ పెట్టినప్పుడు కరెంటు దారి ఏంటో తెలిస్తే ఈ భయం పోతుంది. అడాప్టర్ నుంచి వచ్చే 19 లేదా 20 వోల్టుల కరెంటు నేరుగా బ్యాటరీలోకి పోదు. మదర్‌బోర్డ్ మీద చార్జింగ్‌ని చూసుకునే ఒక చిప్ ఉంటుంది. అది ముందు మెషీన్ నడవడానికి కావాల్సింది ఇచ్చి, మిగిలిన దాంట్లోంచి బ్యాటరీకి ఎంత పంపాలో లెక్కగా పంపుతుంది. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు నిలకడగా ఎక్కువ కరెంటు, సుమారు 70, 80 శాతం దాటాక వోల్టేజ్‌ని ఒకచోట బిగించి కరెంటుని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వస్తుంది (చివరి 20 శాతం ఎక్కడానికి అంతసేపు పట్టేది అందుకే). నిండిపోయాక బ్యాటరీకి కరెంటు పూర్తిగా ఆపేస్తుంది. అక్కడి నుంచి ల్యాప్‌టాప్ నడిచేది అడాప్టర్ మీద, బ్యాటరీ ఊరికే పక్కన కూర్చుని ఉంటుంది. దానంతట అది కాస్త తగ్గి 95 దగ్గరికి వస్తే అప్పుడు మళ్లీ కొంచెం ఎక్కిస్తుంది. ప్లగ్ పెట్టి ఉన్నా 97 చూపించి నాట్ చార్జింగ్ అని వస్తోందని సర్వీస్ సెంటర్‌కి పరుగెత్తేవాళ్లున్నారు, అది రోగం కాదు, మెషీన్ చేయాల్సిన పనే చేస్తోంది.

అంటే మూడోవాడే గెలిచాడా? సగమే. ఓవర్‌చార్జ్ కాదన్నంత వరకు అతను చెప్పింది ఒప్పు. కానీ ఊరికే కూర్చున్న బ్యాటరీకి వయసు పెరగదనుకోవడం తప్పు. ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది.

లిథియం అయాన్ సెల్‌కి రెండు రకాలుగా వయసు పెరుగుతుంది. వాడకం వల్ల ఒకటి, అంటే సైకిళ్లు. వాడినా వాడకపోయినా రోజులు గడిచేకొద్దీ పెరిగేది ఇంకొకటి. ఎప్పుడూ ప్లగ్‌లో ఉండే ల్యాప్‌టాప్‌కి మొదటిది దాదాపు లేనట్టే, దాన్ని తినేసేది రెండోది. సెల్ లోపల ఒకవైపు గ్రాఫైట్, ఇంకోవైపు కోబాల్ట్, నికెల్ లాంటి లోహాల ఆక్సైడ్, మధ్యలో లిథియం ఉప్పు కలిపిన ఎలక్ట్రోలైట్ ద్రవం. చార్జ్ చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైట్ వైపు చేరతాయి, వాడితే వెనక్కి వస్తాయి. గ్రాఫైట్‌ని తాకిన ఎలక్ట్రోలైట్ కొంత విరిగి, దాని మీద ఒక పల్చటి పొరగా పేరుకుంటుంది. ఆ పొర కావాలి, అది లేకపోతే సెల్ అసలు నిలవదు. కానీ అది అక్కడితో ఆగదు, మెల్లగా మందం పెరుగుతూనే ఉంటుంది. పెరిగిన ప్రతి కొంచెం తనతోపాటు కొంత లిథియంని శాశ్వతంగా బంధించేస్తుంది. అటూ ఇటూ తిరిగే లిథియం తగ్గిందంటే కెపాసిటీ తగ్గినట్టే. పొర మందమైన కొద్దీ లోపలి రెసిస్టెన్స్ కూడా పెరుగుతుంది, అందుకే పాతబడిన బ్యాటరీ 30 శాతం చూపిస్తూనే, కాస్త బరువైన పని పెట్టగానే టక్కున ఆగిపోతుంది.

ఈ పొర పెరగడాన్ని తొందరపెట్టేవి రెండు. నిండు చార్జ్ ఒకటి. మామూలు సెల్ నూరు శాతం దగ్గర 4.2 వోల్టుల మీద ఉంటుంది, ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో వచ్చే పల్చటి సెల్స్‌లో అది 4.35, 4.4 దాకా పోతుంది. ఆ వోల్టేజ్ దగ్గర గ్రాఫైట్ వైపే కాదు, అవతలి వైపు కూడా ఎలక్ట్రోలైట్ విరగడం మొదలుపెడుతుంది. ఎక్కుపెట్టిన విల్లుని వదలకుండా గోడకి తగిలించినట్టు, బాణం వెయ్యకపోయినా లోపల బిగువు బిగువే. రెండోది వేడి. రసాయన చర్యలకి ఒక మోటు లెక్క ఉంది, ప్రతి 10 డిగ్రీలకి వేగం సుమారు రెట్టింపు అవుతుందని. బ్యాటరీ లోపల జరిగేది కూడా రసాయన చర్యే కదా.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో అంకెల్లో చూడాలంటే, కెనడాలోని క్యాడెక్స్ కంపెనీ బ్యాటరీ యూనివర్సిటీ పేరుతో నడిపే సైట్‌లో ఒక పట్టిక ఉంది. బ్యాటరీని వాడకుండా ఏడాదిపాటు ఊరికే ఉంచితే ఎంత కెపాసిటీ మిగులుతుందనేది లెక్క. 25 డిగ్రీల దగ్గర, 40 శాతం చార్జ్‌తో ఉంచితే 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో నూరు శాతం నింపి ఉంచితే 80 మిగులుతుంది. 40 డిగ్రీలకి వెళ్తే, 40 శాతం చార్జ్ ఉన్నదానికి 85, నిండుగా ఉన్నదానికి 65. అన్ని సెల్స్‌కీ ఇవే అంకెలు రావు, కానీ వరస మాత్రం ఇదే. చివరి అంకె మళ్లీ చూడండి, ఒక్క సైకిల్ కూడా వాడకుండా, కేవలం నిండుగా, వేడిగా కూర్చున్నందుకు మూడోవంతుకి పైగా పోయింది. మేలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ మీద పనిచేస్తుంటే బ్యాటరీ సెన్సర్ 40 డిగ్రీలు చూపించడం విశేషమేమీ కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఇక్కడ చెన్నైలో దానికి కాస్త ముందే అగ్ని నక్షత్రం అని మొదలవుతుంది, పైగా సముద్రపు ఉక్క. రోళ్ల సంగతి ఏమోగానీ, రోజంతా నూరు మీద ఉన్న బ్యాటరీకి మాత్రం ఏడాది మొత్తంలో ఇదే గడ్డుకాలం.

సరే, 80 లిమిట్ ఎక్కడ పెట్టాలి? విచిత్రంగా దీనికి విండోస్‌లో అందరికీ ఒకేచోట ఉండే సెట్టింగ్ లేదు, కంపెనీకో పేరు, కంపెనీకో యాప్. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో చూడాలి. ఐడియాప్యాడ్ రకాల్లో కన్జర్వేషన్ మోడ్ అని ఉంటుంది, మోడల్‌ని బట్టి 60 దగ్గరో 80 దగ్గరో ఆపుతుంది. థింక్‌ప్యాడ్‌లలో ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో మీరే అంకెలు పెట్టుకోవచ్చు. డెల్‌లో బయోస్‌లోనూ (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్) ఉంటుంది, వాళ్ల పవర్ యాప్‌లోనూ ఉంటుంది. ప్రైమరీలీ ఏసీ యూజ్ (ఇక్కడ ఏసీ అంటే గోడ కరెంటు) అన్నది మనలాంటి వాళ్ల కోసమే, కస్టమ్‌లోకి వెళ్తే 50కి మొదలై 80కి ఆగేలా పెట్టుకోవచ్చు. హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో బయోస్‌లోకి వెళ్లి బ్యాటరీ హెల్త్ మేనేజర్‌లో మాగ్జిమైజ్ మై బ్యాటరీ హెల్త్ ఎంచుకుంటే 80 దగ్గర ఆగిపోతుంది. ఏసస్‌లో మైఏసస్ యాప్, ఏసర్‌లో కేర్ సెంటర్ లేదా ఏసర్‌సెన్స్, ఎమ్‌ఎస్‌ఐలో వాళ్ల సొంత సెంటర్ యాప్. కొత్త ల్యాప్‌టాప్ రాగానే కంపెనీ యాప్‌లన్నీ చెత్త అని పీకిపారేసే అలవాటు మనలో చాలామందికుంది, చాలావరకు అది న్యాయమే, కానీ ఈ ఒక్కటి ఉంచుకోండి. ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసుకున్నా ఇది మాత్రం మళ్లీ దింపుకోండి.

మాక్ వాడేవాళ్లకి ఆప్టిమైజ్డ్ బ్యాటరీ చార్జింగ్ అని ఉంటుంది, అది మీ దినచర్య గమనించి, 80 దగ్గర ఆపి, మీరు ప్లగ్ తీసే వేళకి మిగతాది నింపాలని చూస్తుంది. ఒక రోజు నైట్ షిఫ్ట్, ఒక రోజు డే షిఫ్ట్ అయితే దానికి మీరు అంతుపట్టరు. పట్టుబట్టి 80 దగ్గరే ఆపాలనుకునేవాళ్లు ఆల్డెంటే అనే యాప్ వాడుతున్నారు. లైనక్స్ అయితే దాని మూలభాగమైన కెర్నల్‌లోనే ఈ సదుపాయం ఉంది, మెషీన్ సపోర్ట్ చేస్తే చాలు, టీఎల్‌పీ అనే టూల్‌తో పెట్టుకోవచ్చు. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకి 2025లో వచ్చిన గ్నోమ్ 48 నుంచి సెట్టింగ్స్‌లోనే బటన్ ఇచ్చారు.

80యే ఎందుకు, 60 ఇంకా మంచిది కదా అని అడగొచ్చు. మంచిదే. చార్జ్ పై వోల్టేజ్‌ని సెల్‌కి 0.1 వోల్ట్ తగ్గించిన ప్రతిసారీ సైకిళ్లు సుమారు రెట్టింపవుతాయని ఒక మోటు లెక్క చెబుతారు. 100 నుంచి 80కి దిగినప్పుడు దొరికే లాభం పెద్దది, 80 నుంచి 60కి దిగినప్పుడు దొరికేది దానికంటే తక్కువ, పైగా 60 అంటే కరెంటు పోయినప్పుడు చేతిలో ఉండేది సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ల్యాప్‌టాప్ టేబుల్ మీంచి కదలదు, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది అనేవాళ్లు 60 పెట్టుకోండి. మిగతావాళ్లకి 80 చాలు. దీని మీద గంటలు గంటలు వాదించేవాళ్లని చూశాను, ఆ వాదన అయ్యేలోపు బ్యాటరీకి నిజంగానే వయసు పెరిగిపోతుంది.

ఇక ఆఫీసు ల్యాప్‌టాప్. ఇదే అందరి బాధ. బయోస్‌కి పాస్‌వర్డ్, యాప్ వేసుకోవడానికి అడ్మిన్ రైట్స్ లేవు, ఐటీకి టికెట్ పెడితే మీ రిక్వెస్ట్ పాలసీలో లేదని క్లోజ్ చేసేస్తారు. అప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. వారానికి 168 గంటలు. అందులో మీరు పనిచేసేది 50 అనుకుందాం. మిగిలిన 118 గంటలు, అంటే రాత్రుళ్లు, శని ఆదివారాలు, ల్యాప్‌టాప్ ఊరికే పడుంటుంది. పని గంటల్లో నూరు మీద ఉంటే ఉండనివ్వండి, అది మీ చేతిలో లేదు. సాయంత్రం పని ముగిసే ఒక గంట గంటన్నర ముందు ప్లగ్ తీసేస్తే, మూసేసరికి 60, 70కి దిగి ఉంటుంది, అలా షట్‌డౌన్ చేసేయండి. నిండుగా గడిపే గంటల్లో మూడింట రెండొంతులు ఒక్క దెబ్బతో పోయాయి. దానికి మీరిచ్చిన ధర రోజుకి సైకిల్‌లో మూడోవంతు, అది పెద్ద ఖర్చు కాదు. గూడూరో నెల్లూరో వెళ్లి సంక్రాంతికి వారం ఉండి వద్దామనుకుంటే, ల్యాప్‌టాప్ గదిలోనే వదిలేసేటట్టయితే, సగం చార్జ్‌తో పూర్తిగా ఆపి, ప్లగ్ తీసి వెళ్లండి. జీరోలో మాత్రం వదలొద్దు. సెల్ మరీ కిందికి జారిపోతే లోపల రాగి రేకు కరగడం మొదలవుతుంది, రక్షణ సర్క్యూట్ ఆ బ్యాటరీని ఇక చార్జ్ తీసుకోనివ్వదు.

స్మార్ట్ ప్లగ్ పెట్టి 80కి ఆగేలా, 40కి మొదలయ్యేలా ఆటోమేషన్ చేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పని చేస్తుంది. కానీ లిమిట్ సెట్టింగ్ ఉంటే బ్యాటరీ కదలకుండా కూర్చుంటుంది, స్మార్ట్ ప్లగ్‌తో రోజంతా 40, 80 మధ్య ఎక్కుతూ దిగుతూ సైకిళ్లు ఖర్చవుతాయి. వేరే దారి లేనప్పుడే.

ఇప్పుడు వేడి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉండేది సాధారణంగా అరచేతులు ఆనించే చోటు కింద. ప్రాసెసర్ దానికి పైన, కీబోర్డ్ కింద. గాలి ఎక్కువగా అడుగు నుంచి లోపలికి వెళ్లి, వెనక నుంచో పక్క నుంచో బయటికి వస్తుంది. దాన్ని తీసుకెళ్లి పరుపు మీద, దిండు మీద, బొంత మీద పెట్టామంటే దాని ముక్కు మూసినట్టే. ప్రాసెసర్ వేడి బయటికి పోక బ్యాటరీ వైపు పాకుతుంది. దీనికి ఖరీదైన కూలింగ్ ప్యాడ్ అక్కర్లేదు, వెనక వైపు రెండంగుళాలు లేచే స్టాండ్ చాలు. ఇంకో కీబోర్డ్ తగిలించుకుంటే మెడకి కూడా మంచిది. ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము తీయించండి, మా షోలింగనల్లూరు వైపు ఓఎంఆర్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్ము పీల్చే ఫ్యాన్లకి ఏడాదికి ఒకసారి కూడా తక్కువేనేమో.

పవర్ మోడ్‌ని బెస్ట్ పర్ఫార్మెన్స్‌లో పెట్టి టీమ్స్ కాల్ మాట్లాడేవాళ్లున్నారు. ప్లగ్‌లో ఉన్నా బ్యాలెన్స్‌డ్‌లోనే పెట్టుకోండి. పాత పద్ధతి పవర్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనేది కనిపిస్తే దాన్ని 100 నుంచి 99కి తగ్గించి చూడండి, ప్రాసెసర్ టర్బోలోకి, అంటే మామూలుకి మించిన వేగంలోకి, ఎగరడం మానేస్తుంది, ఫ్యాన్ మోత తగ్గుతుంది, మామూలు ఆఫీసు పనిలో తేడా తెలియదు. గేమ్స్ ఆడేవాళ్లు ఫ్రేమ్ రేట్‌కి లిమిట్ పెట్టుకోవచ్చు. రోజంతా ప్లగ్‌లోనే ఉండే మెషీన్‌కి ఫాస్ట్ చార్జింగ్ ఎందుకు? డెల్‌లో ఎక్స్‌ప్రెస్ చార్జ్ అని, లెనోవోలో ర్యాపిడ్ చార్జ్ అని ఉండేవాటిని ఆపేయండి. నిమిషాల్లో ఎక్కించాలన్న తొందర లేనప్పుడు ఆ వేడి ఊరికే భరించడం.

బయట తీసుకెళ్లేటప్పుడు ఇంకో గొడవ. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో మూత మూస్తే వచ్చేది పాతకాలపు నిద్ర కాదు, ఫోన్ లాగా అరకొర మెలకువ. అప్‌డేట్లో ఇంకేదో లోపల నడుస్తూ, బ్యాగులో గాలి ఆడక, క్యాబ్ దిగి తీసి చూస్తే పెనంలా కాలుతూ ఉంటుంది. బ్యాగులో పెట్టేముందు షట్‌డౌన్ గానీ హైబర్నేట్ గానీ చేయండి. మధ్యాహ్నం ఎండలో పార్క్ చేసిన కారులో మాత్రం అసలు వదలొద్దు, లోపల 50 డిగ్రీలు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

లిమిట్ పెట్టుకున్నాక అది శిలాశాసనం ఏమీ కాదు. బ్యాటరీ ఉన్నదే కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి. చెన్నైలో నెలవారీ మెయింటెనెన్స్ షట్‌డౌన్ ఉంటుంది, ఏ ఏరియాలో ఎప్పుడో ముందురోజే పేపర్లో వస్తుంది, ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు మామూలుగా ఉదయం 9కి తీస్తే మధ్యాహ్నం 2కి ఇస్తారు. అలాంటి రోజుకి ముందు రాత్రి లిమిట్ తీసేసి నూరు నింపుకోండి. ఊరెళ్లే రోజు, క్లయింట్ దగ్గర ప్రెజెంటేషన్ ఉన్న రోజు కూడా అంతే. అప్పుడప్పుడూ కొన్ని గంటలు నూరు మీద ఉంటే ఏమీ కాదు, నెలల తరబడి ఉండటమే సమస్య. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచేసి, పైకి వెళ్లి మన బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా, అప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ నుంచి ఫోన్ చార్జ్ చేసుకోవాల్సిన రోజులవి. ఈశాన్య రుతుపవనాల కాలంలో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బ్యాటరీ ఆరోగ్యం గురించి ఆలోచించకండి, అన్నీ నిండా నింపండి.

పాత ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ఊడదీసి కేవలం అడాప్టర్ మీద నడిపే అలవాటు ఒకటుండేది. బ్యాటరీకి వేడి తగలదు, నిజమే. కానీ కరెంటు ఒక్క సెకను ఆగితే చాలు, సేవ్ చేయని పనంతా పోతుంది, రాసే సమయంలో డిస్క్ ఆగిపోతే ఫైళ్లు కూడా పాడవచ్చు. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది కదా అంటే, అది అందుకునే ఆ కొద్ది సెకన్ల విరామమే చాలు. బ్యాటరీ చచ్చిపోయినా సరే అని తెగించినవాళ్లు తప్ప ఇది చేయొద్దు. ఇప్పటి మెషీన్లలో ఎలాగూ స్క్రూలు విప్పకుండా బ్యాటరీ రాదు.

ప్లగ్‌లో ఉన్నా బ్యాటరీ శాతం తగ్గుతోందని కొందరు కంగారు పడతారు. చార్జర్ వాట్లు చూడండి. 65 వాట్లు కావాల్సిన మెషీన్‌కి ఫోన్‌తో వచ్చిన టైప్ సీ చార్జరో, మానిటర్ నుంచి వచ్చే తక్కువ వాట్ల కేబులో పెడితే, బరువైన పని పడ్డప్పుడల్లా తక్కువైంది బ్యాటరీ నుంచి లాక్కుంటుంది, పని తగ్గగానే మళ్లీ ఎక్కిస్తుంది. ప్లగ్‌లోనే ఉంది కదా అనుకుంటాం, లోపల చిన్న చిన్న సైకిళ్లు జరిగిపోతూనే ఉంటాయి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో అసలు చార్జర్‌తోనే ఇలా జరగొచ్చు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకేసారి ఊపందుకున్నప్పుడు అడాప్టర్‌కి తోడుగా బ్యాటరీ కూడా భుజం వేసేలా కొన్నిటిని డిజైన్ చేస్తారు. డెల్ పాత గుండ్రటి పిన్ చార్జర్లలో మధ్యలో సన్నటి సూది ఒకటి ఉంటుంది, చార్జర్ ఎవరిదో, ఎన్ని వాట్లో మెషీన్‌కి చెప్పేది అదే. అది వంగినా, డూప్లికేట్ చార్జర్ పెట్టినా అడాప్టర్‌ని గుర్తుపట్టలేదని చెప్పి బ్యాటరీ చార్జింగ్ మానేస్తుంది, స్పీడు కూడా తగ్గించుకుంటుంది. బ్యాటరీ పోయిందని కొత్తది కొనేముందు సూది సంగతి చూడండి.

బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి డబ్బు పెట్టక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఉన్నది, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు మిగిలింది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే శాతం వస్తుంది. 50,000 మిల్లీవాట్ అవర్లది 41,000 చూపిస్తే 82 శాతం మిగిలినట్టు. పక్కనే సైకిల్ కౌంట్ కూడా ఉంటుంది. సైకిళ్లు తక్కువగా ఉండి కెపాసిటీ బాగా పడిపోయి ఉంటే, అది నిండుగా, వేడిగా కూర్చుని అరిగిపోయిన బ్యాటరీ అని చదువుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అమ్మేవాడి ముందే ఈ రిపోర్ట్ తీయించండి, బేరం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ అంకెలు ఒక్కోసారి తేడాగా చూపిస్తాయి, దానికీ కారణముంది. బ్యాటరీలో ఎంతుందో ఎవరూ తూచి చూడరు, లోపలికి వెళ్లిన కరెంటు, బయటికొచ్చిన కరెంటు లెక్కపెట్టి ఒక మీటర్ అంచనా వేస్తుంది. నెలల తరబడి 80 దగ్గర కదలకుండా ఉంటే ఆ అంచనా గాడి తప్పుతుంది. రెండు మూడు నెలలకోసారి నూరు నింపి, దాదాపు అయిపోయేదాకా వాడి, మళ్లీ చార్జ్ చేస్తే మీటర్ సర్దుకుంటుంది. ఇది బ్యాటరీకి వైద్యం కాదు, మీటర్‌కి మాత్రమే. పోయిన కెపాసిటీ దీనివల్ల తిరిగి రాదు. ఫ్రీజర్‌లో పెడితే వస్తుందన్న చిట్కా కూడా తిరుగుతోంది, లోపల తేమ చేరడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎంత జాగ్రత్తగా చూసినా బ్యాటరీ ఒకరోజు మార్చక తప్పదు. చాలా కంపెనీలు 300 నుంచి 500 సైకిళ్ల లెక్కన, యాపిల్ 1,000 సైకిళ్ల లెక్కన బ్యాటరీలు తయారుచేస్తాయి, అప్పటికి 80 శాతం చుట్టుపక్కల మిగలాలన్నది ఉద్దేశం. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండేవాళ్లకి 60 శాతం మిగిలినా పని ఆగదు, అందుకని అంకె పడిపోయిందని వెంటనే మార్చక్కర్లేదు. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు, ఉబ్బడం. టచ్‌ప్యాడ్ క్లిక్ కాకుండా బిగుసుకుపోయినా, పైకి లేచినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా, టేబుల్ మీద పెడితే మెషీన్ ఊగుతున్నా లోపల సెల్‌లో గ్యాస్ చేరిందని అర్థం. అలాంటిదాన్ని ప్లగ్‌లో పెట్టి ఇంకో నెల లాగుదాం అనుకోవద్దు. ఆపేసి, ప్లగ్ తీసేసి, నొక్కి సరిచేసే ప్రయత్నం చేయకుండా, సూదితో గ్యాస్ తీసే తెలివితేటలు అస్సలు చూపించకుండా, విప్పడం తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

మౌంట్ రోడ్ పక్కన రిచీ స్ట్రీట్‌లో అన్ని మోడళ్లకీ బ్యాటరీ దొరుకుతుంది, ఒరిజినల్ అని చెప్పేవీ, కంపాటిబుల్ అని చెప్పేవీ. అక్కడ బేరం కంటే ముందు బ్యాటరీ మీద తయారీ తేదీ చూడండి. షెల్ఫ్‌లో రెండు మూడేళ్లున్న ఒరిజినల్ కొత్తదేమీ కాదు, వాడకపోయినా వయసు పెరుగుతుందని ఇందాకే చెప్పుకున్నాం. బిగించాక అక్కడే నిలబడి బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీ డబ్బా మీద రాసినదానికి సరిపోతోందా, సైకిల్ కౌంట్ సున్నా దగ్గరుందా చూసుకుని అప్పుడు డబ్బివ్వండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు, చెత్త లారీలో నలిగితే మంటలొస్తాయి. 2022 బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత తయారీదార్లది, ఇళ్లలో పాడైనవాటిని మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాల్సింది మనం. ఇంకొక్క మాట, బ్యాటరీ విప్పి మార్చినప్పుడు కొన్ని మోడళ్లలో చార్జింగ్ లిమిట్ సెట్టింగ్ ఎగిరిపోయి మళ్లీ 100కి వచ్చేస్తుంది, ఇంటికెళ్లాక అది ఉందో లేదో చూసుకోండి.